లంద నుంచి జేఎన్‌యూ దాకా: రసాయన శాస్త్రవేత్త నాయుడమ్మ సంస్థలు నడిపిన తీరు

యలవర్తి నాయుడమ్మ పేరు వచ్చినప్పుడల్లా ముందు పదవులే చెబుతారు. 1958 నుంచి 1971 దాకా మద్రాసులో కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ డైరెక్టర్. 1971 నుంచి 1977 దాకా దేశంలోని ప్రభుత్వ పరిశోధనశాలల గొలుసు మొత్తానికి, అంటే సీఎస్‌ఐఆర్‌కి, డైరెక్టర్ జనరల్. 1981–82లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ) వైస్ ఛాన్సలర్. ఒక రసాయన శాస్త్రవేత్త ఇంతింత సంస్థలను నడిపే మనిషిగా ఎలా తయారయ్యాడన్నది మాత్రం ఈ పదవుల వరస చూస్తే తెలియదు. అది తెలియాలంటే పచ్చితోలు మెత్తని చెప్పుతోలుగా ఎలా మారుతుందో, ఆ దారిలో ఎక్కడెక్కడ చెడుతుందో కాస్త ఓపిగ్గా చూడాలి. ఆయన పాలనా పద్ధతి అక్కడే పుట్టింది.

గుంటూరు జిల్లా తెనాలి దగ్గర యలవర్రులో 1922 సెప్టెంబర్ 10న వ్యవసాయ కుటుంబంలో పుట్టిన నాయుడమ్మ, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివారు. ఆ తర్వాత మద్రాసులో తోళ్ల సాంకేతిక విద్య నేర్చుకున్నారు. తోలు పని చేసేవాళ్లను ఊరి చివరికి నెట్టేసిన సమాజంలో, చదువుకున్న రైతుబిడ్డ కోరి ఆ రంగంలోకి వెళ్లడం చిన్న విషయం కాదు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి తిరిగి వచ్చేసరికి మద్రాసు అడయారులో తోళ్ల పరిశోధన సంస్థ కళ్లు తెరుస్తోంది. 1948లో మొదలైన ఆ సంస్థకు తొలి డైరెక్టర్ బి.ఎం. దాస్. నాయుడమ్మ నలభై నిండకముందే ఆ కుర్చీలో కూర్చున్నారు.

పచ్చితోలులో దాదాపు మూడింట రెండు వంతులు నీళ్లే. మిగిలినదాంట్లో సింహభాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్. మూడు పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకున్న తాడులా దీని అణువు ఉంటుంది. తడిగా ఉన్న కొల్లాజెన్‌ను నెమ్మదిగా వేడి చేస్తే 60–65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ పేనిక విడిపోయి, తోలు ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. అలాగే వదిలేస్తే కుళ్లుతుంది, ఎండబెడితే రేకులా బిగుసుకుంటుంది. ఈ పోగుల మధ్య వేరే పదార్థంతో గట్టి వంతెనలు కట్టడమే టానింగ్. చెక్కరసంతో శుద్ధి చేసిన తోలు 75–85 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. క్రోమియం లవణంతో శుద్ధి చేసింది మరుగుతున్న నీళ్లలో వేసినా ముడుచుకోదు. అందుకే తోళ్ల కార్ఖానాలో ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష మరీ సాదాసీదాగా ఉంటుంది. డ్రమ్ములోంచి ఒక తోలు తీసి, మందంగా ఉండే మెడ దగ్గర చిన్న ముక్క కోస్తారు. కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీత గీస్తారు. రెండు మూడు నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, తీసి, మళ్లీ అదే గీత మీద పెడతారు. గీతకూ ముక్కకూ తేడా వస్తే క్రోమియం లోపలి దాకా పోలేదన్నమాట.

మన పల్లెల్లో ఈ పని లందల్లో, అంటే తోలు నానబెట్టి శుద్ధి చేసే గుంతల దగ్గర, సాగేది. తోలును సున్నపు గుంతలో రోజుల తరబడి నానబెడతారు. వెంట్రుక వదులయ్యాక కత్తితో గీకి, లోపలివైపు అంటుకున్న మాంసపు పొర తీసేస్తారు. కడిగి, తుమ్మచెక్క, తంగేడు చెక్క, కరక్కాయల రసంలో వేస్తారు. చాలాచోట్ల తోలును సంచిలా కుట్టి, దంచిన చెక్క నింపి, కొయ్యకు వేలాడదీసి పైనుంచి రసం పోస్తారు. అది తోలు గుండా ఊరి కింద కుండలోకి కారుతుంది. దాన్నే ఎత్తి మళ్లీ పోస్తారు. మొత్తం నెల, నెలన్నర పట్టే పని. ఇందులో నేర్పు చాలా ఉంది. కొలత మాత్రం లేదు.

కొలత లేకపోతే ఏమవుతుంది? సున్నం పూర్తిగా పోకుండా చెక్కరసంలో వేస్తే, మిగిలిన సున్నం చెక్కలోని సారమైన టానిన్‌తో కలిసి నల్లటి మచ్చలు కడుతుంది, పైపొర పెళుసెక్కి వంచితే పగులుతుంది. తోలు అంచున కోసి ఆ కోత మీద క్షారం తగిలితే రంగు మారే ఫినాఫ్తలీన్ ఒక చుక్క వేస్తే ఈ గండం ముందే తెలుస్తుంది. గులాబీ రంగు వచ్చినంత మేరా సున్నం ఇంకా ఉన్నట్టే. రెండో తప్పు, త్వరగా అయిపోవాలని మొదటే చిక్కటి రసంలో వేయడం. టానిన్ పైపొరల్లోనే పట్టేసి దారి మూసేస్తుంది, మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. అందుకే గుంతలను వరసగా పెట్టి, కొత్త తోలును వాడేసిన పలుచటి రసంలోకి, ముదురుతున్నకొద్దీ చిక్కటి రసంలోకి మార్చుకుంటూ పోవాలి. చెక్కలోని సారం వృథా కాదు, తోలు లోపలి దాకా పండుతుంది. సంచి పద్ధతిలో కుట్టు పడిన అంచులన్నీ పనికిరాకుండా పోతాయి. ఆ నష్టం గుంతల వరసలో ఉండదు.

క్రోమ్ పద్ధతి నెల రోజుల పనిని కొద్ది రోజుల్లోకి తెస్తుంది. కానీ తప్పును ఏమాత్రం క్షమించదు. వంద కిలోల శుభ్రం చేసిన తోలుకు డ్రమ్ములో 80–100 లీటర్ల నీళ్లు, 8 నుంచి 10 కిలోల ఉప్పు పోసి తిప్పుతారు. ఆ తర్వాతే కిలో, కిలోంబావు గంధకామ్లాన్ని పదింతల నీళ్లలో పలచన చేసి విడతలుగా పోస్తారు. ఉప్పు తక్కువైతే ఆమ్లం తగలగానే తోలు ఉబ్బిపోయి, పోగులు చెదిరి, చివరికి బలహీనంగా తయారవుతుంది. కోతలో పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, ఆమ్లం ఎక్కువైతే తగ్గుతుంది) మధ్య దాకా 2.8–3.0 దగ్గర కుదురుకున్నాక సుమారు 8 కిలోల బేసిక్ క్రోమియం సల్ఫేట్ అనే క్రోమియం లవణం వేస్తారు. ఆ పీహెచ్ దగ్గర కొల్లాజెన్‌లోని కార్బాక్సిల్ సమూహాలు, అంటే క్రోమియం అంటుకునే చోట్లు, చాలావరకు విద్యుదావేశం లేకుండా ఉంటాయి కాబట్టి క్రోమియం ఎక్కడా పట్టుకోకుండా లోపలికి దూరిపోతుంది. మధ్య దాకా నీలం రంగు చేరిందని కోసి చూసుకున్నాక, కిలో నుంచి కిలోన్నర వంటసోడాను నీళ్లలో కలిపి మూడు నాలుగు విడతలుగా, రెండు గంటల వ్యవధిలో వేస్తారు. పీహెచ్ 3.8–4.0కి పెరిగేసరికి క్రోమియం కార్బాక్సిల్ సమూహాలకు గట్టిగా అంటుకుంటుంది. సోడా ఒక్కసారి కుమ్మరిస్తే క్రోమియం పైనే పేరుకుంటుంది. పైపొర గరుకెక్కి ముడతలు పడుతుంది, మధ్యలో తెల్లగా పచ్చితోలు మిగిలిపోతుంది. అలా పాడైన తోలును మళ్లీ మంచిదిగా చేయడం దాదాపు అసాధ్యం.

ఇంత కొలతలోనూ అసలు కష్టం ఇంకోచోట ఉంది. తోలు ఖరీదును తగ్గించే లోపాల్లో చాలావరకు డ్రమ్ము దాకా రాకముందే పడిపోతాయి. వలిచేటప్పుడు కత్తి తగిలిన గాట్లు, పశువు మీద వాతల మచ్చలు, ముల్లు గీతలు, ఎండాకాలంలో వలిచిన కొద్ది గంటల్లో ఉప్పు పట్టించకపోవడం వల్ల వెంట్రుకల మొదళ్ల దగ్గర మొదలయ్యే కుళ్లు. పచ్చితోలు బరువులో 40 శాతం దాకా ఉప్పు కావాలి, లోపలివైపంతా సమంగా రుద్దాలి. కల్తీ ఉప్పయితే ఎర్రటి, పసుపు మచ్చలు పట్టుకుంటాయి. ఇవేవీ పరిశోధనశాల గాజు పాత్రల్లో బాగుపడేవి కావు. కబేళాలో కత్తి పట్టినవాడికి, పల్లెలో చచ్చిన గొడ్డును వలిచేవాడికి, సంతలో తోళ్లు కొనే దళారికి తెలిస్తేనే బాగుపడతాయి.

నాయుడమ్మ డైరెక్టరుగా తీసుకున్న దిశ ఇక్కడి నుంచే అర్థమవుతుంది. మద్రాసు సంస్థలో కొల్లాజెన్ భౌతిక రసాయనం మీద పని జరుగుతుండగానే నమూనా టానరీ (తోళ్ల కార్ఖానా) నడిచింది, విస్తరణ విభాగం పెరిగింది. తోళ్ల లభ్యత, ధరలు, పనివాళ్ల ఆదాయాల మీద సాంకేతిక–ఆర్థిక సర్వేలు జరిగాయి. కాన్పూరు, జలంధర్, కలకత్తా వంటిచోట్ల ప్రాంతీయ కేంద్రాలు వచ్చాయి. పరిశోధన పత్రం అచ్చయితే పని సగమే అయినట్టు లెక్క. టానరీలో డ్రమ్ము దగ్గర నిలబడే మేస్త్రీ దాన్ని అమలు చేసి, తోలుకు ధర పెరిగితేనే పూర్తయినట్టు. ప్రభుత్వ పరిశోధనశాలలకు ఈ కొలబద్ద అప్పట్లో కొత్త. ఇప్పటికీ అన్నిచోట్లా అలవాటు కాలేదు.

ఆ సంస్థ ఉన్న చోటు కూడా కలిసొచ్చింది. పక్కనే మద్రాసు విశ్వవిద్యాలయం గిండీ ప్రాంగణం, అళగప్ప చెట్టియార్ సాంకేతిక కళాశాల ఉన్నాయి. తోళ్ల సాంకేతిక శాస్త్రంలో డిగ్రీ అప్పట్లో ఆ విశ్వవిద్యాలయానిది. పాఠాలు చెప్పేవాళ్లలో, ప్రయోగాలు చేయించేవాళ్లలో సంస్థ శాస్త్రవేత్తలు ఉండేవారు. చదువు పూర్తి చేసినవాళ్లు వెళ్లేది తమిళనాడులోని అంబూరు, వాణియంబాడి, రాణిపేట, దిండిగల్ టానరీలకు. పరిశోధన సంస్థ, విశ్వవిద్యాలయం, పరిశ్రమ మూడూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నట్టు సాగిన ఏర్పాటు ఇది. ఇదే చోట ఇంకో గొప్ప పని జరిగింది. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్ర విభాగానికి వచ్చిన జి.ఎన్. రామచంద్రన్ కొల్లాజెన్ నిర్మాణం మీద దృష్టి పెట్టారు. ఎక్స్‌కిరణాలతో చూడటానికి కావలసిన నమూనాలు, వాటిలో కంగారూ తోకలోని స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే నారు) పోగులు, పక్కనున్న తోళ్ల పరిశోధన సంస్థ నుంచే దొరికాయి. గోపీనాథ్ కర్తాతో కలిసి ఆయన 1954–55లో ప్రకటించిన మూడు పోగుల పేనిక నమూనా ప్రపంచ జీవభౌతిక శాస్త్రంలో నిలిచిపోయింది. అప్పటికి నాయుడమ్మ డైరెక్టర్ కాదు కాబట్టి ఆ ఘనత ఆయనకు కట్టడం తప్పు. కాకపోతే అలాంటి ఇరుగుపొరుగును ఆయన తెంచుకోలేదు, పెంచారు. విశ్వవిద్యాలయం ఎందుకుండాలన్న ప్రశ్నకు ఆయన జవాబు జేఎన్‌యూలో కన్నా ఇక్కడే స్పష్టంగా దొరుకుతుంది.

ఆ పదమూడేళ్ల పని విలువ 1970లలో బయటపడింది. అప్పటిదాకా దేశం ఎక్కువగా ఎగుమతి చేసింది పచ్చితోళ్లు, తంగేడు చెక్కతోనో వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడుతోనో సగం శుద్ధి చేసి ఈస్టిండియా తోలు పేరుతో లండన్ బజారుకు పంపిన తోళ్లు. రంగు వేసి, మెరుగు పెట్టి, చెప్పులూ సంచులూ కుట్టి లాభం తీసుకునేది ఐరోపా. 1972లో ప్రభుత్వం వేసిన సీతారామయ్య కమిటీ ఈ దిశ మార్చమంది. పచ్చితోళ్ల ఎగుమతి ఆపి, సగం శుద్ధి చేసినవాటికి కోటాలు పెట్టి, పూర్తిగా తయారైన తోలుకూ వస్తువులకూ దారి తీశారు. కాగితం మీద ఆంక్ష పెట్టడం సులువే. టానరీలకు చివరి మెరుగు దాకా చేసే చేవ లేకపోతే ఆ ఆంక్షతోనే పరిశ్రమ కుప్పకూలేది. కూలకపోవడానికి ఒక ముఖ్యమైన కారణం, శిక్షణ పొందిన మనుషులు, ఇక్కడి తోళ్లకు సరిపోయే పద్ధతులు అప్పటికే సిద్ధంగా ఉండటం. విధానం రావడానికి పదేళ్ల ముందే సామర్థ్యం తయారవడమే ఇక్కడ గమనించాల్సిన సంగతి. మన దేశంలో ఇది తరచూ తలకిందులుగా జరుగుతుంది.

1971లో పద్మశ్రీ అందుకున్న ఏడాదే సీఎస్‌ఐఆర్ పగ్గాలు చేతికొచ్చాయి. అక్కడ లెక్క వేరు. ఒక పరిశ్రమకు ఒక సంస్థ కాదు, ఔషధాల నుంచి రోడ్ల దాకా పదుల పరిశోధనశాలలు. మద్రాసు పద్ధతిని ఇంత విస్తీర్ణంలో ఎలా వాడాలన్నదానికి ఆయన కాలంలో జరిగిన ప్రయత్నం కరీంనగర్ జిల్లా ప్రాజెక్టు. ఒక జిల్లాను తీసుకుని, అక్కడి నీళ్లు, నేల, చేతివృత్తులు, ముడిసరుకులు ఏమిటో చూసి, ఏ పరిశోధనశాల దేనికి పనికొస్తుందో వెనక్కి లెక్కగట్టడం. పరిశోధనశాల దగ్గర ఉన్నదాన్ని జిల్లా మీద రుద్దడానికి ఇది సరిగ్గా ఎదురు దారి. ఆలోచన బలమైనది. ఇబ్బందల్లా అమలులోనే ఉంది. శాస్త్రవేత్త పదోన్నతి ఢిల్లీలో నిర్ణయమవుతుంది, జిల్లాలో పని కలెక్టరు, బ్యాంకు, సహకార సంఘం చేతుల్లో ఉంటుంది. మద్రాసులో ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నవి ఇక్కడ వేరువేరు శాఖల కింద ఉన్నాయి.

జేఎన్‌యూకి ఆయన వచ్చింది 1981లో. 1969లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం బలమంతా సామాజిక శాస్త్రాల్లో, అంతర్జాతీయ అధ్యయనాల్లో, భాషల్లో ఉంది. అంతకుముందు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న కె.ఆర్. నారాయణన్ 1980లో అమెరికాకు రాయబారిగా వెళ్లారు. ఆ ఏడాది చివర్లో ఆందోళనలతో విశ్వవిద్యాలయం కొన్ని వారాలు మూతపడింది కూడా. అలాంటి చోటికి వచ్చిన నాయుడమ్మ ఐదేళ్ల పదవీకాలం పూర్తి చేయలేదు. 1982లోనే వైదొలిగారు.

దీన్ని వైఫల్యం అని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం. పరిశోధనశాల డైరెక్టరుకు, వైస్ ఛాన్సలర్‌కు చేతిలో ఉండే మీటలు వేరు. డైరెక్టర్ ఏ ప్రాజెక్టుకు డబ్బు ఇవ్వాలో, ఎవరిని ఏ పనిలో పెట్టాలో, ఏ పని ఆపాలో చాలావరకు తనే నిర్ణయించగలడు. వైస్ ఛాన్సలర్ అధ్యక్షత వహిస్తాడు. పాఠ్యప్రణాళిక అధ్యయన కేంద్రాలది, దానికి ఆమోదం అకడమిక్ కౌన్సిల్‌ది, నియామకాలు ఎంపిక కమిటీలవి, తుది సంతకం కార్యనిర్వాహక మండలిది. దానికి తోడు జేఎన్‌యూలో విద్యార్థి సంఘం మాట నిర్ణయాల దాకా చేరేది. వెనుకబడిన జిల్లాల నుంచి, పేద కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు అదనపు మార్కులిచ్చే ప్రవేశ విధానం మీద అప్పట్లో అందరికీ గట్టి అభిప్రాయాలుండేవి. డ్రమ్ము దగ్గర పీహెచ్ కాగితం చూపించి వాదన ముగించే వీలు అక్కడ లేదు. చరిత్ర శాఖలో, భాషా శాస్త్ర శాఖలో పని మంచిదా కాదా అనేది టానరీ యజమాని తేల్చలేడు కూడా. ఉపయోగం అనే కొలబద్ద, తోళ్ల సంస్థను నిలబెట్టిన ఆ కొలబద్దే, ఇక్కడ వాదానికి లోబడేదయింది. అది నాయుడమ్మ లోపం కన్నా, ప్రయోగశాలల్లో నెగ్గినవాళ్లను విశ్వవిద్యాలయాలకు పంపేటప్పుడు ప్రభుత్వాలు పట్టించుకోని తేడా. అదే మనిషికి సాంకేతిక విశ్వవిద్యాలయం ఒకటి, పరిశ్రమ పక్కనే ఉన్నది, పదేళ్లు అప్పగించి ఉంటే ఫలితం వేరుగా ఉండేదని మద్రాసు అనుభవం గట్టిగా చెబుతోంది.

ఆ తర్వాతి కాలంలోనూ అభివృద్ధి చెందుతున్న దేశాల్లో శాస్త్ర సాంకేతిక విషయాల సలహాదారుగా ఆయన తిరుగుతూనే ఉన్నారు. 1985 జూన్ 23న కెనడా నుంచి ఆయన తిరిగి వస్తున్న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి దూరంగా అట్లాంటిక్ మీద బాంబు పేలుడుకు కూలిపోయింది. అందులో ఉన్న 329 మందీ చనిపోయారు. ఆయన వయసు 62.

నాయుడమ్మ తరం తెచ్చిన మార్పుకు చెల్లించిన మూల్యం గురించి చెప్పకుండా ఈ విశ్లేషణ ముగించలేం. పూర్తిగా తయారైన తోలు అంటే ఎక్కువ క్రోమ్, ఎక్కువ రంగులు, ఎక్కువ మురుగు. మామూలు క్రోమ్ పద్ధతిలో వేసిన క్రోమియంలో 60–70 శాతమే తోలుకు పడుతుంది. డ్రమ్ము ఖాళీ చేసినప్పుడు మిగిలిన నీళ్లలో లీటరుకు రెండు వేల మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. బయటికి వదిలే మురుగులో ఉండదగ్గది 2 మిల్లీగ్రాములు. తమిళనాడులో టానరీలున్న పాలారు నది పరీవాహకంలో బావులు, పొలాలు చెడిపోయాయి. వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కాలుష్యం చేసినవాళ్లే ఖర్చు భరించాలని తీర్పు ఇచ్చింది. క్రోమియానికి పరిష్కారం ఇక్కడి టానరీలకు మళ్లీ అడయారు సంస్థ నుంచే వచ్చింది. వాడేసిన నీళ్లను వేరుగా పట్టి, మెగ్నీషియం ఆక్సైడ్‌తో పీహెచ్ 8–8.5కి తెచ్చి, అడుగుకు దిగిన క్రోమియం హైడ్రాక్సైడ్‌ను గంధకామ్లంలో కరిగించి మళ్లీ డ్రమ్ములోకే వాడటం. దీనికి ఒక షరతు ఉంది. క్రోమ్ నీళ్ల కాలువను సున్నం నీళ్ల కాలువతో కలపకూడదు. కలిస్తే కొవ్వు, ప్రొటీన్ ముక్కలన్నీ చేరి, తిరిగి వచ్చే ద్రావణం తోలును మరకలు చేస్తుంది. చిన్న టానరీల్లో ఈ పద్ధతి చెడేది చాలాసార్లు ఈ కాలువల దగ్గరే.

ఉప్పు సంగతి అంత తేలిగ్గా తేలలేదు. తోలు చెడకుండా మొదట పట్టించిన ఆ 40 శాతం ఉప్పంతా నానబెట్టే నీళ్లలోకి దిగుతుంది. రసాయనాలు కలిపి అడుక్కి దించేది కాదు, సూక్ష్మజీవులు తినేదీ కాదు. సున్నానికీ క్రోమియానికీ ఉన్నట్టు దానికి చవకైన దారి లేదు. రివర్స్ ఆస్మాసిస్ (ఒత్తిడితో సన్నని పొర గుండా వడకట్టే పద్ధతి) పెట్టి నీళ్లు తీస్తే చివరికి మిగిలే ఉప్పు గుట్టలను ఎక్కడ పెట్టాలో తెలియక టానరీల ఆవరణల్లోనే పోగేసుకుంటున్నారు. తడి తోలుకు ఉప్పు విదిలించే తిరుగుడు యంత్రాలు కొంత తగ్గిస్తాయి, పలచటి ఉప్పుకు బోరిక్ ఆమ్లం వంటివి కలిపే పద్ధతులు ఇంకొంత. వలిచిన గంటల్లోనే తోలును చల్లగా ఉంచి టానరీకి చేర్చగలిగితే ఉప్పు అవసరమే బాగా తగ్గిపోతుంది. అది కుదరాలంటే కబేళా, రవాణా, టానరీ ఒకే లెక్కలోకి రావాలి.